క్రిస్మస్ భోజనానికి వేళ ఏది?

గుడి గంట ఒకటి చెబుతుంది, గోడ గడియారం మరొకటి - ఏటా ఇంటింటా ఇదే తగవు

పాలకొల్లు, డిసెంబర్ 23: వెదురు బద్దలతో, రంగు కాగితాలతో కట్టిన నక్షత్రాలు చూరులకు వేలాడుతున్నాయి. గోడలకు సున్నాలు పూర్తయ్యాయి. అరిసెల పాకం వాసన వీధి చివరి దాకా వస్తున్నది. పిల్లల కొత్త బట్టలు టైలరు దగ్గర నుంచి వచ్చేశాయి. గోదావరి డెల్టా పల్లెల్లోని క్రైస్తవ పేటలు పండుగకు అన్ని విధాలా సిద్ధమయ్యాయి. ఒక్క విషయం మాత్రం చాలా ఇళ్లలో ఇంకా తేలలేదు. 25వ తేదీన భోజనం ఎన్ని గంటలకు?

వినడానికి ఇది చిన్న మాటే. వండిన తర్వాత తినడమే కదా అని బయటివారికి అనిపించవచ్చు. కాని పండుగనాడు ఇంటిల్లిపాదీ ఒకే పంక్తిన కూర్చోవాలనే పట్టుదల ఉన్న ఇళ్లలో ఈ ప్రశ్న ఏటా మాటామాటా పెంచుతున్నది. ఆరాధన ముగియనిదే మెతుకు ముట్టనని తాతగారు అంటారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు సాయంత్రం బస్సుకు టిక్కెట్టు తీసుకున్నానంటాడు. అల్లుడు తన తల్లిదండ్రుల ఇంట కూడా చేయి కడగాలంటాడు. పిల్లలు పది గంటలకే ఆకలంటారు. వీరందరి మధ్య పొయ్యి దగ్గర నిలబడిన ఇల్లాలు కూర దించాలో, మళ్లీ వెచ్చబెట్టాలో తెలియక గుమ్మం వైపు చూస్తుంటుంది.

"పండగ పూట మాటలు పడి తిన్నది వంటికి పట్టదండి" అని ఒక పెద్దావిడ నిట్టూర్చారు. ఆమె ఇంట క్రిస్మస్ భోజనం ప్రశాంతంగా జరిగి మూడేళ్లయింది.

అయ్యగారు వస్తేనే గంట

వేళ తేలకపోవడానికి మొదటి కారణం ఇంట్లో లేదు, గుడిలో ఉన్నది. పట్టణాల్లోని పెద్ద చర్చీలకు సొంత పాస్టర్లు ఉంటారు. ఆరాధన ఎన్నింటికో ముందుగానే బోర్డు మీద రాస్తారు. పల్లెల సంగతి వేరు. ఒక్క పాస్టరు చేతి కింద మూడు నాలుగు గ్రామాల సంఘాలు ఉండటం ఇక్కడ మామూలే. మిగతా ఆదివారాల్లో ఈ వారం ఒక ఊరు, పై వారం మరో ఊరు అని సర్దుకుంటారు. ఆయన రాని చోట సంఘ పెద్దలే ప్రార్థన నడుపుతారు. కాని క్రిస్మస్ ఏడాదికి ఒక్క రోజే. ప్రభు సంస్కారం ఇవ్వాలంటే పాస్టరే రావాలి. ఆ రోజున ప్రతి ఊరూ ఆయన కోసం దారి కాస్తుంది.

అందువల్ల అయ్యగారు తెల్లవారింది మొదలు మోటారు సైకిలు మీద ఊళ్లు చుట్టవలసి వస్తున్నది. మొదటి ఊళ్లో 7 గంటలకు, రెండో ఊళ్లో 10 గంటలకు, మూడో ఊళ్లో పన్నెండున్నరకు అని కాగితం మీద బాగానే రాసుకుంటారు. మొదటి ఊళ్లో పిల్లల పాటలు, కానుకలు, కేకు కోయడం, పెద్దలకు శాలువాలు అయ్యేసరికి గంట ఆలస్యం. రెండో ఊళ్లో అది గంటన్నర అవుతుంది. చివరి ఊళ్లో ఆరాధన రెండు గంటలకు గాని మొదలుకాని సంవత్సరాలు కూడా కద్దు. ఏ ఊరికి ముందు వంతు ఇవ్వాలన్న దానిపై నవంబరు నుంచే సంఘ పెద్దల మధ్య మంతనాలు సాగుతుంటాయి. క్రితం ఏడు చివర మిగిలిన ఊరు ఈ ఏడు ముందు వంతు అడుగుతుంది. ఆ వంతును బట్టే ఆ ఊరి ఇళ్లలో విస్తళ్లు పడతాయి.

పరగడుపు పట్టింపు

సంస్కారం తీసుకునేదాకా ఏమీ తినరాదనే పట్టింపు పాత తరంలో బలంగా ఉన్నది. ఎవరూ శాసించి చెప్పినది కాదు, తాతలనాటి నుంచి వస్తున్నది అంటారు. నిజానికి మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ఉపదేశ గ్రంథంలో ఉపవాసం మంచి క్రమశిక్షణేనని, అయితే సంస్కారానికి మనిషిని తగినవాడిగా చేసేది విశ్వాసమేనని వివరించారు. పస్తు ఉండి తీరాలన్న నిబంధన అందులో లేదు.

కేథలిక్కుల్లో మాత్రం నిబంధన ఉండేది. వెనుకటి కాలంలో అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా తాగకుండా ఉండి సత్ప్రసాదం తీసుకోవలసి వచ్చేది. 1953లో పోప్ పన్నెండవ పయస్ నీళ్లు తాగవచ్చన్నారు. 1957లో ఆ ఉపవాసాన్ని మూడు గంటలకు తగ్గించారు. 1964లో పోప్ ఆరవ పాల్ దానిని ఒక్క గంటకు తెచ్చారు. 1983 నాటి చర్చి చట్టం ప్రకారం వృద్ధులు, రోగులు, వారిని కనిపెట్టుకుని ఉండేవారు ఆ ఒక్క గంట కూడా పాటించనక్కరలేదు. పెద్ద మఠాధిపతులే సడలించినా ఇళ్లలోని పెద్దలు సడలించడం లేదు.

ఈ పట్టింపు ఒక ఇంట్లో ప్రాణం మీదకు తెచ్చింది.

పాలకొల్లుకు సమీపంలోని ఒక గ్రామం. ఇంటి యజమాని రిటైరైన స్కూలు మాస్టారు, సంఘ పెద్ద. పెద్ద కొడుకు ఊళ్లోనే కౌలు వ్యవసాయం చేస్తున్నాడు. చిన్న కొడుకు హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీ ఉద్యోగి. కూతురు కువైట్‌లో ఇంటి పనికి వెళ్లింది. మాస్టారి భార్యకు పదేళ్లుగా సుగరు వ్యాధి. ఏళ్ల తరబడి అలవాటు ప్రకారం ఆమె ఉదయం ఎనిమిదింటికి మాత్ర వేసుకుంటుంది. 2023 క్రిస్మస్ నాడు కూడా వేసుకున్నది. సంస్కారం తీసుకోవాలి కనుక టిఫిను తినలేదు. ఆ ఏడు వారి ఊరిది చివరి వంతు. అయ్యగారు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ప్రసంగం నడుస్తుండగా ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. పక్కనున్నవారు ఉక్కపోత అనుకున్నారు. చూస్తుండగానే ఆమె చాప మీద ఒరిగిపోయింది.

అదృష్టవశాత్తు గుడిలో ఒక నర్సమ్మ ఉన్నది. ఆమె సంగతి గ్రహించి, ఇంకా మింగగల స్థితిలో ఉండగానే మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు పట్టించింది. పావుగంటలో మనిషి తేరుకున్నది. సుగరు తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకుని వేళకు తినకపోతే రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు పడిపోయి ఇటువంటి ప్రమాదం వస్తుందని వైద్యులు చెబుతూనే ఉన్నారు. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

తల్లి తేరుకున్నది గాని ఇల్లు తేరుకోలేదు. "మీ పట్టింపు అమ్మ ప్రాణం తీసేది" అని చిన్న కొడుకు తండ్రిని నిలదీశాడు. "నువ్వు ఏడాదికి ఒకరోజు వచ్చి నాకు బుద్ధులు చెబుతావా" అని తండ్రి లేచారు. పెద్ద కొడుకు తండ్రి పక్షం వహించాడు. చిన్న కొడుకు భార్యాపిల్లలతో సంచులు సర్దుకుని, చేయి కడగకుండానే బస్సెక్కాడు. గిన్నె నిండా ఉన్న బిరియానీని సాయంత్రం ఇరుగుపొరుగులకు పంచారు. 2024 క్రిస్మస్‌కు చిన్న కొడుకు ఊరికి రాలేదు. సెలవు దొరకలేదని ఫోనులో చెప్పాడు. ఎందుకు దొరకలేదో ఇంట్లో అందరికీ తెలుసు.

వెనుకటి రోజుల్లో రాత్రి పూటే

క్రిస్మస్ భోజనం మధ్యాహ్నమే పెట్టుకోవాలన్నది అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదని ఎనభై దాటినవారు గుర్తు చేస్తున్నారు. డిసెంబరు అంటే డెల్టాలో సార్వా కోతలు, కుప్పలు, నూర్పిళ్ల కాలం. మరోవైపు దాళ్వాకు ఆకుమడులు పోసే కాలం. పేటల్లో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, పాలేర్లు. పండుగని కళ్లంలో పని ఆగేది కాదు. తెల్లవారకముందే ప్రార్థన చేసుకుని పనిలోకి పోయినవారు, సాయంత్రం కూలి ధాన్యం మూట కట్టుకుని ఇంటికి చేరేవారు. ఆ తర్వాతే కోడిని కోసేది. లాంతరు వెలుగులో ఇంటిల్లిపాదీ కలసి తినేవారు.

"అప్పట్లో ఎన్నింటికి అని అడిగినవాడే లేడండి. అందరం ఇంటికొచ్చాకే అన్నం" అని ఒక వృద్ధుడు చెప్పారు.

తర్వాత రోజులు మారాయి. మిషన్ బడుల్లో చదువుకున్నవారు ఉపాధ్యాయులు, నర్సులు, రైల్వే ఉద్యోగులు అయ్యారు. సెలవు రోజున పనికి పోవలసిన అవసరం లేకపోయింది. పగటి ఆరాధన, వెనువెంటనే మధ్యాహ్నం భోజనం అలవాటయ్యాయి. ఆ అలవాటే ఇప్పుడు ఆచారమై కూర్చున్నది. అయితే ఉద్యోగం దూరాన ఉన్నవారికి తిరుగు ప్రయాణం తొందర. తెలంగాణలో డిసెంబర్ 26 కూడా సాధారణ సెలవుల జాబితాలో ఉంటూ వస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో అది కోరుకున్నవారు తీసుకునే ఐచ్ఛిక సెలవు మాత్రమే. ప్రైవేటు ఉద్యోగులకు రెండు చోట్లా అది కంపెనీ దయ.

మూడు గుళ్లు, ఒక ఇల్లు

ఇదిలా ఉండగా, ఒకే ఇంట్లో వేర్వేరు సంఘాలకు పోయేవారు ఉండటం మరో చిక్కు. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం, బాప్టిస్టు, కేథలిక్ సంఘాలు జిల్లాల్లో పాతుకుపోయినవి. తర్వాతి కాలంలో పెంతెకొస్తు సంఘాలు, స్వతంత్ర ప్రార్థనా మందిరాలు వీధి వీధికీ వెలిశాయి. తండ్రి లూథరన్, పెద్ద కోడలు పుట్టింటి తరఫున కేథలిక్, తమ్ముడు పెంతెకొస్తు అయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

కేథలిక్కులు 24వ తేదీ అర్ధరాత్రి పూజకు పోయి వస్తారు. వారికి 25 ఉదయం పదకొండుకే భోజనం వేళ. లూథరన్లకు అయ్యగారి రాకను బట్టి. పెంతెకొస్తువారి ఆరాధన పదింటికి మొదలై సాక్ష్యాలు, పాటలు, ప్రసంగం ముగిసేసరికి రెండో మూడో అవుతుంది. కొన్ని మందిరాల్లో ఆ తర్వాత ప్రేమవిందు కూడా ఉంటుంది. అక్కడ తిని వచ్చిన తమ్ముడు ఇంట్లో పంక్తిలో కూర్చుని అన్నం కెలుకుతుంటే, వండినవారి మనసు చివుక్కుమంటుంది.

కువైట్ నుంచి ఫోను

పశ్చిమ గోదావరి, కోనసీమ పల్లెల నుంచి కువైట్‌కు పోయిన ఆడపడుచులు చాలామంది ఉన్నారు. అక్కడ డిసెంబర్ 25 ప్రభుత్వ సెలవు కాదు. ఇంటి పనికి పోయినవారికి ఆ రోజు మామూలు రోజే. యజమాని ఇంట భోజనాలయ్యి, గిన్నెలు తోమి, తమ గదికి చేరాకే ఫోను చేతికి వస్తుంది. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ 3 గంటలకు తీరిక దొరికితే ఇక్కడ ఐదున్నర. బిడ్డ ముఖం ఫోనులో చూస్తూ ముద్ద నోట పెట్టుకుందామనుకునే తల్లులు అందాకా ఆగుతామంటారు. ఆగవద్దని మిగతావారంటారు. "దాని సంపాదనతో వేసిన స్లాబు కింద కూర్చుని, అది ఫోను చేయకముందే తినేస్తామా" అన్నది ఒక తల్లి ప్రశ్న. దానికి ఆ ఇంట ఎవరూ బదులు చెప్పలేకపోయారు.

దొరల దేశంలోనూ ఇదే తంతు

ఈ పండుగను ఇక్కడికి తెచ్చిన మిషనరీల దేశాల్లోనూ భోజనం వేళ ఒక్కటిగా లేదు. జర్మనీలో చాలా కుటుంబాలకు 24వ తేదీ సాయంత్రమే ముఖ్యం. ఇంగ్లండులో 25 పగలు పెద్ద భోజనం. 1932లో అయిదవ జార్జి రాజు క్రిస్మస్ రోజున రేడియోలో ప్రసంగించడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం 3 గంటల ఆ ప్రసంగం తర్వాత టెలివిజన్‌కు వచ్చి, నేటికీ కొనసాగుతున్నది. భోజనం ప్రసంగానికి ముందా, తర్వాతా అని అక్కడి ఇళ్లలో వాదులాటలు జరుగుతాయి. అక్కడ రాజుగారి ప్రసంగం, ఇక్కడ అయ్యగారి ప్రసంగం. తేడా అంతే.

పొయ్యి దగ్గరి మాట

భోజనం వేళ గురించి ఇంట్లో అందరూ మాట్లాడతారు. వండేవారిని అడిగేవారు మాత్రం తక్కువ. ఆమె రోజు ఎలా గడుస్తుందో చూస్తే తగవు అసలు రూపం తెలుస్తుంది.

24వ తేదీ పగలంతా పిండివంటలు. పోకుండలు, జంతికలు, కజ్జికాయలు. రాత్రి కేరల్స్ బృందాలు ఇంటింటికీ తిరుగుతాయి. ఏ రెండింటికో, మూడింటికో గుమ్మం ముందుకు వచ్చి పాడితే లేచి తలుపు తీయాలి, టీ ఇవ్వాలి. తెల్లవారుజామున నాలుగింటికి మగవారు వేటమాంసం కొట్టు దగ్గర వరుసలో నిలబడతారు. మాంసం ఇంటికి వచ్చింది మొదలు కడగడం, మసాలా నూరడం, గారెల పిండి రుబ్బడం. ఆరాధనకు పోయేలోగా వంట పూర్తి చేయాలని ఇంటి ఆజ్ఞ. తొమ్మిదింటికి దించిన బిరియానీ మూడింటికి గాని విస్తట్లో పడకపోతే ఆ తప్పు మళ్లీ ఆమెదే. "చల్లారిపోయింది", "ముక్క గట్టిపడింది" అని పేర్లు పెడతారు.

వండిన పదార్థాన్ని పొయ్యి మీద నుంచి దించి బయట రెండు గంటలకు మించి ఉంచరాదని, ఉంచవలసి వస్తే 60 డిగ్రీలకు తగ్గని వేడిలో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మాంసం, అన్నం కలిపి వండిన వంటకానికి ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆరు గంటలు మూతపెట్టి ఉంచిన పండుగ వంట మర్నాడు వాంతులు, విరేచనాలు తెస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇంత చేసిన ఇల్లాలు ఎన్నో ఇళ్లలో ఆరాధనకు సగంలో వచ్చి, దీవెన కాకముందే లేచి పోతుంది. గుడిలో ఆమె మనసు పొయ్యి మీదే. కొత్త చీర మడత విప్పే తీరిక సాయంత్రానికి గాని దొరకదు.

కొందరి సర్దుబాట్లు

కొన్ని కుటుంబాలు తమకు తోచిన ఉపాయాలు చేసుకున్నాయి. పిల్లలకు, వృద్ధులకు, మాత్రలు వేసుకునేవారికి ఉదయం ఎనిమిదికే టిఫిను పెట్టి, ఆ సంగతిపై ఇక చర్చ లేదని కొందరు తీర్మానించుకున్నారు. మాంసం ఉదయమే ఉడికించి పెట్టుకుని, బియ్యం మాత్రం గుడి నుంచి వచ్చాక వేసుకునేవారు కొందరు. అల్లుళ్ల విషయంలో ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ అని వంతు పెట్టుకున్నారు. కొన్ని పేటల్లో సంఘమంతా కలసి గుడి ఆవరణలోనే వండి, దీవెన కాగానే ప్రేమవిందు వడ్డిస్తున్నారు. అక్కడ మగవారే గరిటె పట్టడం, ఆడవారు పంక్తిలో కూర్చోవడం ఆనవాయితీ అయింది.

మాస్టారి ఇంట కూడా ఈ ఏడు ఒక మార్పు వచ్చింది. నెల క్రితం ఒక ఆదివారం రాత్రి ఆయన పెద్ద కోడలిని పిలిచి, "అమ్మా, వండేది నువ్వు. ఎప్పుడైతే నీకు వీలు?" అని అడిగారు. ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదట. ఆమె కాసేపు తటపటాయించి, "రాత్రికి పెట్టుకుందాం మావయ్యా" అన్నది. అయ్యగారు ఎప్పుడు వచ్చినా రాత్రికి పని అయిపోతుంది. పెంతెకొస్తు మందిరానికి పోయే చిన్నాన్నగారు కూడా వచ్చేస్తారు. కువైట్‌లో ఆడపడుచుకు సాయంత్రం అయిదవుతుంది, ఫోను కలుస్తుంది. తాను కూడా ఒకసారి ఆరాధన ఆసాంతం కూర్చుంటుంది. ఇవీ ఆమె చెప్పిన కారణాలు.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, తన చిన్నతనంలో తండ్రి కళ్లం నుంచి వచ్చాకే క్రిస్మస్ అన్నం తిన్న సంగతి కోడలికి చెప్పారు. ఆ రాత్రే హైదరాబాద్‌కు ఫోను చేశారు. "మీ అమ్మ ఎనిమిదింటికి ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని గుడికొస్తుంది. భోజనం రాత్రి ఏడున్నరకి. 26కి సెలవు పెట్టగలవేమో చూడు నాన్నా" అన్నారు. క్షమించమని అడగలేదు. అవతల నుంచి కొడుకు కూడా ఆ మాట ఎత్తలేదు. సెలవు పెట్టానని మర్నాడు మెసేజి వచ్చింది.

రేపు సాయంత్రానికి వారు ఊరు చేరతారు. ఈసారి తెల్లవారుజామున మాంసం కొట్టు దగ్గర నిలబడే పని లేదు. పెరట్లో గంప కింద రెండు నాటు కోళ్లు సిద్ధంగా ఉన్నాయి. 25 సాయంత్రం నాలుగింటికి వాటిని కోసి శుభ్రం చేసే పని అన్నదమ్ములిద్దరికీ అప్పగించారు. ఆ ఏర్పాటు కూడా పెద్ద కోడలిదే.